బటన్ నొక్కాక ఏం జరుగుతుంది?



ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు పూర్తిచేసి ఇంటి దగ్గరున్నవాళ్లు, పాలిటెక్నిక్‌లో ఈసీఈ ఆఖరి సంవత్సరం చదువుతున్నవాళ్లు, ఊళ్లో సౌండ్ సర్వీసు నడిపే అన్న వెంట తిరిగి వైర్లు చుట్టడం నేర్చుకున్నవాళ్లు... వీళ్లను దృష్టిలో పెట్టుకుని ఈవేళ మాట్లాడుతున్నాను. పిల్లల చదువు ఎటు మళ్లించాలా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులు కూడా వింటే మేలు. విషయం ఆడియో విజువల్ కంట్రోల్ సిస్టమ్స్. పనిలో అందరం దీన్ని పొట్టిగా ‘ఏవీ’ అంటాం. నేనూ అదే మాట వాడతాను.

ఈ పేరుతో మన కాలేజీల్లో బ్రాంచి కనిపించదు. అందుకే ఇలాంటి ఉద్యోగం ఒకటుందని చాలామందికి తెలియదు. పని మాత్రం మన చుట్టూనే ఉంది. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ తరువాత మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు లేచిన ఆఫీసు భవనాల్లో ఏ అంతస్తుకు వెళ్లినా సమావేశ గదులే. గోడకు తెర, తెర కింద కెమెరా, ఫాల్స్ సీలింగ్‌లో మైకులు, స్పీకర్లు, బల్ల మీద ఒక టచ్ ప్యానెల్. ఇది ఐటీ కంపెనీల ముచ్చట మాత్రమే కాదు. సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు నుంచి రాజ్యాంగ ధర్మాసనాల విచారణలను ప్రత్యక్షంగా చూపిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద ప్రభుత్వ బడుల తరగతి గోడల మీదకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. మెడికల్ కాలేజీల్లో ఆపరేషన్ థియేటర్లో జరిగేది లెక్చర్ హాల్లో కూర్చుని చూసే ఏర్పాట్లు ఉన్నాయి. వీటన్నిటి వెనకా వైరు లాగినవాళ్లు, రాక్ కట్టినవాళ్లు, ప్రోగ్రాం రాసినవాళ్లు, పాడైతే పరుగెత్తుకొచ్చేవాళ్లు ఉన్నారు. ఆ పనివాళ్ల గురించే నా మాటలు.

ఒక్క బటన్ వెంట వెళ్లి చూద్దాం. కాలేజీలో సెమినార్ హాలు అనుకోండి. వేదిక పక్కన టచ్ ప్యానెల్ మీద ‘ప్రెజెంటేషన్’ అని ఒక బటన్ ఉంది. లెక్చరర్ గారు దాన్ని వేలితో తాకారు. ఆ కబురు నెట్‌వర్క్ కేబుల్ మీదుగా వెనక గదిలో బీరువాలా నిలబెట్టిన రాక్‌కు, అందులో బిగించిన కంట్రోల్ ప్రాసెసర్‌కు చేరింది. ఈ ప్రాసెసర్ బొమ్మ చూపించదు, శబ్దం చేయదు. పెళ్లింట్లో పెత్తనం చేసే మేనమామ వంట వండడు, సన్నాయి ఊదడు, కానీ ఎవరికి ఏ క్షణాన ఏం చెప్పాలో ఆయనకే తెలుసు చూడండి, ప్రాసెసర్ అలాంటిది. తెర దించమని మోటారుకు చెప్పాలి. ప్రొజెక్టర్‌ను వెలిగించాలి. అది వెలుగు పుంజుకునేదాకా ఆగాలి. ఆగాక ఇన్‌పుట్ మార్చాలి. స్విచర్‌లో లాప్‌టాప్ బొమ్మను ఎంచాలి. పోడియం మైకు మ్యూట్ తీయాలి. వేదిక ముందు లైట్లు తగ్గించి, కూర్చున్నవాళ్లు నోట్సు రాసుకునేంత వెలుతురు మిగల్చాలి. లెక్చరర్ గారికి ఇదంతా ఒక్కసారి తాకడమే. మనకు అది ఏడెనిమిది పనుల వరస. ఆ వరసలో ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ ఆగాలి అన్నదే కంట్రోల్ ప్రోగ్రామింగ్‌లో అసలు విద్య.

ఈ పరికరాలన్నీ ఒక్క భాషలో మాట్లాడవు. తెర మోటారుకు చాలాచోట్ల రిలే చాలు. రెండు తీగలు కలిపితే దిగుతుంది, వేరే రెండు కలిపితే పైకి పోతుంది. సెట్ టాప్ బాక్సుకు ఇన్‌ఫ్రారెడ్ పంపిస్తాం. ఇంట్లో రిమోట్ పంపే వెలుగే అది, ఎక్కువగా 38 కిలోహెర్ట్జ్ మీద మిణుకుమంటుంది. చిన్న ఎమిటర్‌ను బాక్సు కన్ను మీద అతికించి ఆ పని చేయిస్తాం. మూడోది ఆర్‌ఎస్-232. ఈ ప్రమాణం 1960లో వచ్చింది. ఇన్నేళ్ల తరువాత కూడా కొత్త ప్రొజెక్టర్ వెనక తొమ్మిది పిన్నుల సాకెట్ కనిపిస్తే అది ఇదే. రెండో పిన్ను వినడానికి, మూడోది మాట్లాడటానికి, అయిదోది గ్రౌండు. ఇక నాలుగోది నెట్‌వర్క్. ఇవాళ పెద్ద భాగం దాని మీదే నడుస్తోంది.

ఈ నాలుగింటికీ ఉన్న తేడాను పట్టుకుంటే మీకు సగం రంగం అర్థమైనట్టే. రిలే, ఇన్‌ఫ్రారెడ్ మనం చెప్పింది చేస్తాయేమో గానీ తిరిగి ఏమీ చెప్పవు. ఆర్‌ఎస్-232, నెట్‌వర్క్ జవాబిస్తాయి. ఆ జవాబు వినడం నేర్చినవాడే టెక్నీషియన్ అవుతాడని నా గట్టి నమ్మకం. సైట్లలో కొత్తగా చేరిన కుర్రాళ్లకూ సీనియర్లకూ మధ్య నేను మళ్లీ మళ్లీ విన్న సంభాషణ ఒకటుంది.

“అన్నా, కమాండ్ పంపించాను, ప్రొజెక్టర్ వెలగట్లేదు.”

“పంపావు సరే తమ్ముడూ, అదేమంది?”

“ఏమో అన్నా, చూడలేదు.”

ఆ మూడో మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. మళ్లీ పంపిస్తారు, మళ్లీ పంపిస్తారు, చివరికి ప్రొజెక్టర్ పాడైందని తేల్చేస్తారు. అది మాత్రం మొదటిసారే జవాబు చెప్పి ఉంటుంది.

దీన్ని మీరు స్వయంగా చూడొచ్చు. మీ కాలేజీలోనో, తెలిసినవాళ్ల ఆఫీసులోనో నెట్‌వర్క్ సాకెట్ ఉన్న ప్రొజెక్టర్ ఒకటి దొరక్కపోదు. జపాన్ తయారీదారుల సంఘం 2005లో పీజేలింక్ అనే ఉమ్మడి పద్ధతి తెచ్చింది. చాలా కంపెనీల ప్రొజెక్టర్లు దాన్ని పాటిస్తాయి. లాప్‌టాప్‌ను, ప్రొజెక్టర్‌ను ఒకే నెట్‌వర్క్‌లో పెట్టండి. టెర్మినల్ సాఫ్ట్‌వేర్‌తో ప్రొజెక్టర్ ఐపీ అడ్రసుకు, 4352 అనే పోర్టుకు కనెక్ట్ అవండి. వెంటనే ప్రొజెక్టర్ నుంచి ‘పీజేలింక్ 0’ అని వస్తుంది. తలుపు తెరిచే ఉంది, పాస్‌వర్డ్ అక్కర్లేదు అని దాని అర్థం. సున్నా బదులు ఒకటి వస్తే పాస్‌వర్డ్ పెట్టారన్నమాట, సాధన వరకు మెనూలో దాన్ని తీసేయించండి. ఇప్పుడు ఈ అక్షరాలు కొట్టండి. పర్సంటు గుర్తు, ఒకటి, ఆ వెంటే పెద్ద అక్షరాల్లో పీ, ఓ, డబ్ల్యూ, ఆర్, ఒక ఖాళీ, మళ్లీ ఒకటి. చివర క్యారేజ్ రిటర్న్ అనే కనిపించని అక్షరం వెళ్లాలి. అది వెళ్లకపోతే మీ మాట పూర్తికాలేదని ప్రొజెక్టర్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

అన్నీ సరిగ్గా ఉంటే ‘ఓకే’ అని జవాబు వస్తుంది, ప్రొజెక్టర్ మేల్కొంటుంది. ఇక్కడ ఆగకండి. అదే కమాండ్‌లో చివరి ఒకటి బదులు ప్రశ్నార్థకం పెట్టి పంపండి. ఇప్పుడు మీరు దాని స్థితి అడుగుతున్నారు. సున్నా అంటే నిద్రలో ఉంది. ఒకటి అంటే వెలిగి ఉంది. మూడు అంటే వేడెక్కుతోంది. రెండు అంటే చల్లారుతోంది. లాంప్ ఉన్న ప్రొజెక్టర్ అయితే ఈ వేడెక్కడం, చల్లారడం మీకు బాగా కనిపిస్తుంది, లేజర్‌వి తొందరగా వెలుగుతాయి. వేడెక్కుతున్న సమయంలోనే ఇన్‌పుట్ మార్చమని చెప్పి చూడండి. ‘ఈఆర్‌ఆర్3’ అని రావచ్చు. ఇప్పుడు ఆ పని చేయలేను అంటోంది. కమాండ్ తప్పైతే ‘ఈఆర్‌ఆర్1’. ప్రొజెక్టర్‌లోనే లోపముంటే ‘ఈఆర్‌ఆర్4’. ఒక గంట ఇలా కూర్చుని అడిగి విని, జవాబులు నోట్‌బుక్‌లో రాసుకున్న కుర్రాడికి కంట్రోల్ సిస్టమ్ మర్మం తెలిసిపోయినట్టే. మిగతా పరికరాలకు కమాండ్లు వేరు, పద్ధతి ఇదే.

సెమినార్ హాలుకు తిరిగి వద్దాం. కార్యక్రమం మధ్యలో కరెంటు పోయి క్షణంలో వచ్చింది. ప్రాసెసర్‌కు యూపీఎస్ ఉంది, ప్రొజెక్టర్‌కు లేదు. ప్రొజెక్టర్ ఆరిపోయింది. జవాబు వినని ప్రోగ్రాం అయితే అది ఇంకా వెలిగే ఉందనుకుంటుంది. ప్యానెల్ మీద బటన్ పచ్చగానే ఉంటుంది. లెక్చరర్ గారు ‘ఆన్’ నొక్కుతారు, ఇప్పటికే ఆన్‌లో ఉందిగదా అని ప్రోగ్రాం ఏమీ పంపదు. రెండు వందల మంది పిల్లల ముందు ఆవిడ నిలబడి బటన్ నొక్కుతూ ఉంటారు. ఎవరో ఒక పిల్లాడు కుర్చీ ఎక్కి ప్రొజెక్టర్ బటన్ నొక్కుతాడు. ఆ రోజునుంచి ఆ కాలేజీలో టచ్ ప్యానెల్ ఎవరూ ముట్టుకోరు, లక్షలు పోసి కొన్నది గోడకు అలంకారంగా మిగులుతుంది. అదే ప్రోగ్రాం కొన్ని సెకన్లకోసారి ‘ఎలా ఉన్నావు’ అని ప్రొజెక్టర్‌ను అడిగేదైతే ఆరిపోయిన సంగతి దానికి తెలిసేది. ‘ప్రొజెక్టర్ మళ్లీ సిద్ధమవుతోంది, దయచేసి ఆగండి’ అని తెలుగులో ప్యానెల్ మీద ఒక వాక్యం వచ్చేది. ఆ లెక్చరర్ గారి మర్యాద నిలబెట్టే వాక్యం అది. ప్రోగ్రామర్ రాసే అన్ని లైన్లలో నాకు అత్యంత ఇష్టమైనవి ఇలాంటివే.

ఇంతవరకు విన్నాక ‘అయితే ప్రోగ్రామింగ్ కోర్సులో చేరతాం’ అని కొందరు అనుకుంటారు. కొన్ని వారాల్లో ప్రోగ్రామర్‌ను చేస్తామనే ప్రకటనలు కూడా చూస్తుంటాం. నా సలహా వేరు. ముందు వైరు నేర్చుకోండి. ఎందుకంటే సైట్‌లో ఎదురయ్యే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ప్రోగ్రాంలో ఉండదు, కనెక్టర్‌లో ఉంటుంది.

ఉదాహరణకు ప్రాసెసర్ వెనక ఆకుపచ్చ స్క్రూ కనెక్టర్లు ఉంటాయి, ఫీనిక్స్ కనెక్టర్లు అంటాం. వైరు పై తొడుగును ఇంచుమించు 5 మిల్లీమీటర్లు ఒలవాలి. ఎక్కువ ఒలిస్తే రాగి బయటికి కనబడి పక్క తీగకు తగులుతుంది. తక్కువ ఒలిస్తే స్క్రూ రాగిని కాక ప్లాస్టిక్‌ను నొక్కుతుంది. ఒలిచిన రాగి పోగులను మెలిపెట్టి అలాగే బిగించాలి. కొత్తవాళ్లు గట్టిగా ఉంటుందని దానికి టంకం పూస్తారు. మెత్తటి టంకం స్క్రూ ఒత్తిడికి మెల్లగా జారుతుంది, కొన్నాళ్లకు పట్టు వదులుతుంది. ఇచ్చిన రోజు అన్నీ పనిచేస్తాయి, ఎప్పుడో ఓసారి మైకు గరగరమంటుంది, ఎక్కడుందో తెలియదు. టంకానికి చోటు వేరే ఉంది, మైకు ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్‌లో. అక్కడ ఒకటో పిన్ను షీల్డుకు, రెండోది, మూడోది సిగ్నల్‌కు. నెట్‌వర్క్ కేబుల్ కొనలో రంగుల వరస నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆర్‌ఎస్-232లో జవాబు రాకపోతే నేను ముందు చూసేది రెండు, మూడు పిన్నులు. ఒకరి నోరు ఇంకొకరి చెవికి కలపాలి. నోటికి నోరు కలిపితే ఇద్దరూ మాట్లాడతారు, ఎవరూ వినరు. ఆ తరువాత వేగం సరిచూస్తాను. ఒకవైపు 9600, మరోవైపు 19200 ఉంటే వచ్చేదంతా చెత్త అక్షరాలే.

ఇంకో మాట, లేబుల్. కేబుల్ రెండు కొనల మీదా, డ్రాయింగ్‌లో ఉన్న నంబరే అంటించాలి. రాత్రి పదకొండింటికి ఫాల్స్ సీలింగ్‌లో టార్చి పట్టుకుని ఏ కేబుల్ ఎక్కడికి పోతోందో వెతికినవాళ్లకు దాని విలువ తెలుసు. పని నేర్పేటప్పుడు నేను కుర్రాడి చేతిరాత చూడను గానీ లేబుల్ అంటించే తీరు తప్పక చూస్తాను.

ఊళ్లలో సౌండ్ సర్వీసు దగ్గర పనిచేసిన పిల్లలకు ప్రత్యేకంగా ఒక సంగతి చెప్పాలి. మీ అనుభవాన్ని చిన్నచూపు చూసుకోకండి. జాతరలో అహూజా యాంప్లిఫయర్ నుంచి వరసగా హారన్లకు లైను లాగినప్పుడు మీరు 100 వోల్టుల లైను వాడారు, ప్రతి హారన్‌కు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగ్ పెట్టారు. అయిదు నక్షత్రాల హోటల్ సీలింగ్‌లో ఉన్న స్పీకర్లూ చాలావరకు ఆ పద్ధతిలోనే నడుస్తాయి. అన్ని ట్యాపింగుల వాట్లు కూడితే యాంప్లిఫయర్ వాట్లకు లోపే ఉండాలన్న లెక్క అక్కడా ఇదే. మైకు కూత పెట్టబోతుంటే ముందే పసిగట్టే చెవి మీకుంది. ఆ చెవి పుస్తకాల్లో దొరకదు. కొత్తగా నేర్చుకోవాల్సింది డీఎస్పీ, అంటే శబ్దాన్ని లెక్కలతో సరిచేసే పరికరం. అందులో ముఖ్యమైనది ప్రతిధ్వని తీసేయడం. వీడియో కాల్‌లో అవతలివాళ్లు ‘మా గొంతే మాకు తిరిగి వినిపిస్తోంది’ అన్నారనుకోండి, తప్పు వాళ్ల దగ్గర ఉందనుకుంటాం. చాలాసార్లు లోపం మన గదిలోనే. మన స్పీకర్ నుంచి వచ్చిన వాళ్ల గొంతును మన మైకు పట్టి వెనక్కి పంపుతోంది. డీఎస్పీకి ‘ఇది స్పీకర్‌లో వస్తున్న శబ్దం, దీన్ని మైకులోంచి తీసెయ్’ అని సరైన రిఫరెన్స్ ఇవ్వలేదన్నమాట.

బొమ్మ విషయంలో పేచీలన్నీ హెచ్‌డీఎమ్‌ఐ చుట్టూ తిరుగుతాయి. తెర తాను ఏ రిజల్యూషన్ చూపగలదో లాప్‌టాప్‌కు ముందుగా చెప్పుకుంటుంది, దాన్ని ఈడీఐడీ అంటారు. కాపీ కాకుండా కాపలా కాసే హెచ్‌డీసీపీ ఇంకొకటి. తెర నల్లగా ఉంటే కేబుల్ మార్చేముందు ఈ రెండూ చూడాలి. మామూలు హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ దూరం పోలేదు కాబట్టి పెద్ద హాళ్లలో హెచ్‌డీబేస్‌టీ వాడతారు. నెట్‌వర్క్ కేబుల్ లాంటి కేబుల్ మీదే బొమ్మ 100 మీటర్ల దాకా వెళుతుంది.

నెట్‌వర్కింగ్ మీద మాత్రం ఎక్కువ సమయం పెట్టండి. ఐపీ అడ్రసు, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, వీల్యాన్, కేబుల్ మీదే కరెంటు ఇచ్చే పీఓఈ... ఇవి రాకుండా ఇవాళ ఈ పనిలో పైకి వెళ్లడం కష్టం. ఆస్ట్రేలియాలో పుట్టిన డాంటే అనే పద్ధతిలో మైకు శబ్దం కూడా ఈథర్‌నెట్ మీద డేటాగా పోతుంది. నెట్‌వర్క్ స్విచ్‌లో ఒక సెట్టింగ్ తప్పితే హాల్లో మాట తెగితెగి వినబడుతుంది. కంపెనీ ఐటీ విభాగం వాళ్లతో మాట్లాడాల్సి వస్తుంది. వాళ్ల భాష వచ్చినవాడిని వాళ్లు గౌరవిస్తారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌లను అలాగే వదిలేసే అలవాటు కొన్ని సైట్లలో ఇంకా ఉంది. గదిలో కెమెరా, మైకు ఉన్నాయి, లోపల మాట్లాడుకునేది రహస్యం కావచ్చు. మొదటి రోజే ఆ పాస్‌వర్డ్‌లు మార్చి, వాటిని సంబంధితులకు రాతపూర్వకంగా అప్పగించడం మన బాధ్యత.

ఇప్పుడు ప్రోగ్రామింగ్. ఈ రంగంలో పేరున్న కంపెనీలు చాలావరకు అమెరికావి. ఏఎమ్‌ఎక్స్ 1982లో టెక్సస్‌లో మొదలైంది. ఎక్స్‌ట్రాన్ 1983లో కాలిఫోర్నియాలో. క్రెస్ట్రాన్ న్యూజెర్సీది. క్యూ-సిస్ తరువాత వచ్చి బాగా విస్తరించింది. ఒక్కోదానికి ఒక్కో సాఫ్ట్‌వేర్, ఒక్కో భాష. ఏఎమ్‌ఎక్స్‌కు నెట్‌లింక్స్, క్రెస్ట్రాన్‌కు సింపుల్, క్యూ-సిస్‌లో లూవా. పేర్లు చూసి బెదిరిపోవద్దు. అన్నిటిలోనూ ఉండేది ఒక్కటే. ఏదో జరిగింది, ఇప్పుడు గది ఏ స్థితిలో ఉంది, అయితే ఏం చేయాలి. కాగితం మీద నాలుగు గళ్లు గీసి ఆఫ్, వేడెక్కుతోంది, ఆన్, చల్లారుతోంది అని రాసి, ఏ గడిలోంచి ఏ గడిలోకి ఎప్పుడు వెళ్లాలో బాణాలు గీయండి. చల్లారుతున్న ప్రొజెక్టర్‌ను ఆన్ చేయమంటే ఏం చేయాలి? ఆ బాణం గీయడానికి ఆలోచించాల్సి వస్తుంది చూశారా, అదే ప్రోగ్రామింగ్. దాన్ని తరువాత ఏ భాషలో రాసినా ఒకటే. సాధనకు పైథాన్ చాలు. ఇందాక చెప్పిన పీజేలింక్ కమాండ్‌ను పది పన్నెండు లైన్ల పైథాన్‌తో పంపి, జవాబు తెప్పించుకోవచ్చు.

ఖర్చు లేకుండా నేర్చుకునే దారులున్నాయి. డాంటే సర్టిఫికేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. క్యూ-సిస్ డిజైనర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దిగుతుంది, తొలి మెట్టు పాఠాలకూ పరీక్షకూ రుసుము లేదు. మరికొన్ని కంపెనీల ప్రోగ్రామింగ్ పాఠాలు వాటి డీలర్ల దగ్గర పనిచేసేవాళ్లకే ఇస్తారు, కాబట్టి అవి ఉద్యోగంలో చేరాక. అంతర్జాతీయంగా గుర్తింపు ఉన్నది అవిక్సా సంస్థ ఇచ్చే సీటీఎస్. ఈ సంస్థ 2017 వరకు ఇన్ఫోకామ్ ఇంటర్నేషనల్ పేరుతో ఉండేది. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది, ఆ తరువాత కొత్త పాఠాలు చదివినట్టు చూపించి పొడిగించుకోవాలి. పరీక్షకు ఖర్చు బాగానే అవుతుంది. చదువు ముగియగానే దాని వెంట పడొద్దు. ఒకటి రెండేళ్లు సైట్ చూశాక చదివితే ప్రతి ప్రశ్న వెనకా మీకు ఒక గది కళ్లకు కడుతుంది, అప్పుడు రాయండి. వీలైతే మీ కంపెనీ చేతే కట్టించండి.

తెలుగు మీడియం పిల్లల భయం నాకు తెలుసు. మాన్యువళ్లన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. వాటిని నవలలా మొదటి పేజీ నుంచి చదవనక్కర్లేదు. వెనక పేజీల్లో కమాండ్ల పట్టిక ఉంటుంది, ముందు అక్కడికి వెళ్లండి. వాడే మాటలు రెండు మూడు వందలకు మించవు, అవే తిరిగి తిరిగి వస్తాయి. రోజుకో పరికరం పట్టిక చదివితే ఆర్నెల్లలో ఆ ఇంగ్లిష్ మీదవుతుంది.

ఉద్యోగంలోకి రెండు గుమ్మాలున్నాయి. ఒకటి ఇంటిగ్రేటర్ కంపెనీలో, అంటే ఈ పరికరాలన్నీ గదిలో అమర్చి అప్పగించే చోట, ఇన్‌స్టలేషన్ టెక్నీషియన్‌గా చేరడం. దుమ్ము, నిచ్చెన, రాత్రిపూట పని. ఆఫీసు ఖాళీ అయ్యాకే గది మన చేతికి వస్తుంది మరి. రెండోది పెద్ద ఆఫీసుల్లో ఆన్‌సైట్ సపోర్ట్. పొద్దున్నే గదులన్నీ తిరిగి కాల్ పెట్టి చూసి, ఫిర్యాదు వస్తే వెళ్లి సరిచేయడం. చొక్కా నలగదు, జీతం వేళకు వస్తుంది. ఏది మంచిదని అడిగితే, మొదట సైటే అంటాను. గోడలో ఏముందో చూసినవాడికి గోడ మూసేశాక కూడా అది కనిపిస్తుంది. అయితే సపోర్ట్‌లో నేర్చుకునేది ఇంకొకటుంది. బటన్ నొక్కే మనిషి కంగారు, తొందర, సిగ్గు దగ్గరుండి చూస్తారు. ప్రోగ్రామర్ కావాలనుకునేవాళ్లు ఆ పని కొంతకాలమైనా చేయాలి. అమ్మాయిలు సపోర్ట్‌లో చేరి అక్కడే ఆగిపోవడం చూస్తుంటాను. కమిషనింగ్‌కు, డీఎస్పీ ట్యూనింగ్‌కు, ప్రోగ్రామింగ్‌కు కావాల్సింది ఓపిక, చెవి, లెక్క. అడిగి ఆ పనులు తీసుకోండి. యజమానులు కూడా రాత్రి సైట్‌కు వెళ్లే అమ్మాయికి తోడు, బండి ఏర్పాటు చేయాలి. దాన్ని సాకుగా చూపి అవకాశం తప్పించకూడదు.

భద్రత గురించి కచ్చితంగా చెప్పాలి. పైకప్పుకు ప్రొజెక్టర్ వేలాడదీస్తే బ్రాకెట్‌తో పాటు విడిగా సేఫ్టీ వైరు కట్టాలి. రాక్‌కు ఎర్తింగ్ చూడకుండా కరెంటు ఇవ్వకూడదు. నిచ్చెన పట్టుకునే మనిషి లేనప్పుడు ఎక్కకూడదు. ‘అయిదు నిమిషాల పనేగా’ అని ఎవరు తొందరపెట్టినా ‘ఆగండి సార్’ అనే ధైర్యం ఉండాలి.

దుబాయ్, దోహా, రియాద్ వైపు చూసేవాళ్లుంటారు. అక్కడ మన పనిని ఈఎల్వీ అనే పెద్ద గొడుగు కింద పెడతారు. సీసీటీవీ, యాక్సెస్ కంట్రోల్, ఫైర్ అలారం కూడా అందులోకే వస్తాయి. ఇక్కడ రెండు మూడేళ్లు పనిచేసి వెళితే టెక్నీషియన్‌గా వెళతారు, చేతులు ఊపుకుంటూ వెళితే హెల్పర్‌గా వెళతారు. ఏజెంటు రిజిస్టర్ అయినవాడో కాదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే డబ్బు మాట ఎత్తండి.

ఇంటర్వ్యూకు వచ్చేవాళ్లను నేను అడిగే ప్రశ్న చెప్పేస్తాను, దాచుకోవాల్సిందేమీ లేదు. ‘గదిలో తెర నల్లగా ఉంది, బయట మనుషులు ఎదురుచూస్తున్నారు, ఏం చేస్తావు?’ కొందరు వెంటనే ‘అన్నీ ఆపి మళ్లీ ఆన్ చేస్తాను’ అంటారు. నాకు కావాల్సింది వరస. తెరకు కరెంటు ఉందా? ఇన్‌పుట్ సరైనదేనా? స్విచర్‌లో బొమ్మ వస్తున్న దీపం వెలుగుతోందా? లాప్‌టాప్ నేరుగా తెరకు పెడితే వస్తోందా? ప్రాసెసర్ లాగ్‌లో చివరి జవాబు ఏమిటి? ఒక్కో మెట్టులో సగం గదిని తప్పించుకుంటూ వెళ్లాలి. మధ్యలో బయటివాళ్లకు ‘అయిదు నిమిషాల్లో చెబుతాను సార్’ అని ఒక మాట చెప్పి రావాలి. ఆ వరస చెప్పినవాళ్లను సర్టిఫికెట్ లేకపోయినా తీసుకుంటాను.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు రెజ్యూమెతో పాటు రెండు వస్తువులు పట్టుకెళ్లండి. మీ చేత్తో చేసిన ఒక మైకు కేబుల్, మీరు ప్రొజెక్టర్‌ను అడిగి జవాబులు రాసుకున్న ఆ నోట్‌బుక్. బల్ల మీద పెట్టి, ఏ జవాబు ఎప్పుడు వచ్చిందో, అప్పుడు మీరేం చేశారో చెప్పండి.